పాత సిస్టరు బదిలీ అయితే పేషెంటుకేమవుతుంది?

రాత్రి ఒంటిగంట దాటింది. విజయనగరం జిల్లాలో ఒక ఊరి ఆసుపత్రి, పేరు అనవసరం. మా పిన్ని కూతురికి నొప్పులు వస్తున్నాయి, కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందన్నారు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, మత్తు డాక్టరు రావాలి. చిన్న సిస్టరొకమ్మాయి ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. అవతల రింగవుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. ఇంతలో పెద్ద సిస్టరు లేబర్ రూమ్‌లోంచి బయటికొచ్చింది. "ఆయన ఫోన్ సైలెంట్లో పెట్టి పడుకుంతారమ్మా. ఇంటి కింద మందుల షాపు కుర్రోడికి చెయ్యి, ఆడు మెట్లెక్కి తలుపు కొడతాడు" అంది. ఆ కుర్రాడి నంబరు ఆవిడ ఫోన్లోనే ఉంది. ఇరవై నిమిషాల్లో డాక్టరుగారు స్కూటర్ దిగారు. తల్లీ బిడ్డా క్షేమం.

తర్వాత బదిలీల్లో ఆ పెద్ద సిస్టరు వేరే ఊరు వెళ్లిపోయింది. ఆవిడ స్థానంలో మరొకరు వచ్చారు, అంటే పోస్టు ఖాళీ లేదు. లెక్క ప్రకారం ఆసుపత్రికి నష్టమేమీ జరగలేదు. మందుల షాపు కుర్రాడి నంబరు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు.

బదిలీల కాలం వచ్చిందంటే ఇక్కడి టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: "పాత స్టాఫ్ ఎవరూ లేరట, ఇప్పుడా ఆసుపత్రికి వెళ్లకండి." రెండోది: "ఏళ్ల తరబడి అక్కడే పాతుకుపోయారు, అందరినీ ఊడబీకి మారిస్తే గాని బాగుపడదు." తమాషా ఏమిటంటే రెండూ ఒక్కోసారి ఒకే మనిషి నోట్లోంచి వస్తాయి. ఆ రెంటిలోనూ నిజం ఉంది. ఏది ఎంతవరకు నిజమో చూద్దాం. రెండు మాటల వెనకా ఉన్నది ఒక్కటే, కలిసి పనిచేసే సిబ్బంది మధ్య పరిచయం.

ఇది ఏ పరిచయం?

పరిశోధకులు జట్టు పరిచయం అనేది స్నేహాన్ని కాదు. ఒకే పనిని, ఒకే మనుషులు, ఎన్నిసార్లు కలిసి చేశారన్నదే వాళ్ల లెక్క. ఇద్దరు సిస్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోయినా, నాలుగేళ్లుగా ఒకే థియేటర్లో వందల కేసులు కలిసి చేసుంటే వాళ్ల మధ్య ఈ పరిచయం గట్టిదే. ఒకే ఊరివాళ్లై, పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లి వచ్చే ఇద్దరు ఎప్పుడూ ఒకే షిఫ్టులో పడకపోతే అది ఈ లెక్కలోకి రాదు.

అనుభవం కూడా ఇది కాదు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సర్జను, ఇరవై ఏళ్ల సర్వీసున్న థియేటర్ సిస్టరు ఈ ఉదయమే మొదటిసారి కలిశారనుకోండి. అనుభవం నలభై ఏళ్లు, పరిచయం సున్నా.

కలిసి పనిచేస్తే వచ్చేదేమిటి? ఎవరికి ఏం తెలుసో తెలుస్తుంది. పసిబిడ్డకు నరం దొరక్కపోతే ఎవరిని పిలవాలో, స్ట్రెచర్ లేని వేళ దాన్ని ఎక్కడినుంచైనా పట్టుకొచ్చే ఎమ్మెన్వో (వార్డుబాయ్) ఎవరో తెలిసిపోతుంది. ఎదుటివాళ్ల మాటకు ఎంత తూకం వెయ్యాలో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, తప్పు కనబడితే నోరు విప్పడానికి కాస్త ధైర్యం వస్తుంది. ఈ మూడోది పరిచయంతో పాటు దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ రాదు. ఆ సంగతి తర్వాత.

ఆరుగురిలో ఇద్దరు మారితే మూడోవంతు మారినట్టేనా?

కాగితం తీసుకుని లెక్క వేద్దాం. ఒక సిజేరియన్‌కు గైనిక్ డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, థియేటర్ సిస్టరు, బయటి నుంచి సామాన్లు అందించే సిస్టరు, థియేటర్ అసిస్టెంటు, మొత్తం ఆరుగురు అనుకుందాం. పరిచయం మనిషిలో ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. కాబట్టి లెక్కపెట్టాల్సింది జతలను. ఆరుగురిలో జతలు 15.

ఒకరు బదిలీ అయి కొత్తవారొస్తే ఆ మనిషికి మిగతా అయిదుగురితో పరిచయం లేదు. 5 జతలు పోయాయి, 10 మిగిలాయి. ఇద్దరు మారితే పాతవాళ్లు నలుగురు, వాళ్ల మధ్య జతలు 6. అంటే 9 జతలు కొత్తవి. మనుషుల్లో మూడోవంతు మారారు గానీ పరిచయాల్లో సగానికి మించి పోయింది. ముగ్గురు మారితే మిగిలేవి మూడే జతలు, 12 పోయాయి.

అందుకే ఏడాదికి ఒకరు చొప్పున మూడేళ్లలో ముగ్గురు మారడం వేరు, ఒకే వారంలో ముగ్గురు మారడం వేరు. మొదటి పద్ధతిలో ప్రతి కొత్త మనిషి చుట్టూ ఇంకా అలవాటున్నవాళ్లే ఉంటారు. రెండో పద్ధతిలో కొత్తవాళ్లకు నేర్పేవాళ్లూ దాదాపు కొత్తవాళ్లే.

ఈ లెక్కలో ఒక తిరకాసుంది. నలుగురి జట్టులో ఆరు జతలు. ముగ్గురు పాతవాళ్లు జతజతగా 40, 30, 20 కేసులు కలిసి చేశారు, నాలుగోవారు ఈరోజే చేరారు. ఆరు జతల సగటు తీస్తే 15 కేసులు. ఇంకో జట్టులో ప్రతి జతా సరిగ్గా 15 కేసులు కలిసి చేసింది. సగటు అదే 15. కాగితం మీద రెండు జట్లూ ఒకటే. కానీ మొదటి జట్టులో ఆ కొత్త మనిషి మత్తు డాక్టరైతే? సగటు ఎంత బాగున్నా, ఊపిరి అందని నిమిషంలో ఎవరికీ తెలియని మనిషి మీదే అందరూ ఆధారపడాలి.

శనివారం వచ్చే సర్జను

ఈ విషయంలో తరచూ ఉదహరించే పరిశోధన ఒకటి అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. రాబర్ట్ హక్‌మన్, గ్యారీ పిసానో అనే ఇద్దరు 2006లో ప్రచురించారు. ఒకటికి మించి ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేసే గుండె సర్జన్లను తీసుకున్నారు. ఒక ఆసుపత్రిలో ఒక సర్జను ఎక్కువ కేసులు చేసేకొద్దీ అక్కడ ఆయన పేషెంట్ల ఫలితాలు మెరుగయ్యాయి. అదే సర్జను వేరే ఆసుపత్రిలో చేసిన కేసులు మాత్రం ఇక్కడి ఫలితాలను చెప్పుకోదగ్గంత మార్చలేదు. మనిషి ఆయనే, చెయ్యీ ఆయనదే. నైపుణ్యమంతా ఆయన చేతుల్లోనే ఉంటే కారెక్కినప్పుడు అది కూడా వెంట వెళ్లాలి కదా. కొంత వెనక ఉండిపోతోంది, ఆ థియేటర్లో, ఆ మనుషుల మధ్య.

శ్రీకాకుళం, విజయనగరం ప్రైవేటు ఆసుపత్రుల బోర్డులు చదివే అలవాటున్నవాళ్లకు ఈ సంగతి ఇట్టే తడుతుంది. "ప్రతి శనివారం విశాఖపట్నం నుండి ప్రముఖ వైద్యులు" అని ఉంటుంది. మనం డాక్టరు పేరు వెనక డిగ్రీలు చదువుతాం. ఆయన ఆ థియేటర్ సిస్టరుతో ఎన్ని కేసులు చేశారో ఏ బోర్డు మీదా ఉండదు. (అలాగని వచ్చే డాక్టర్లను తప్పుపట్టలేం. వాళ్లు రాకపోతే శ్రీకాకుళం పేషెంటే వంద కిలోమీటర్లు వెళ్లాలి.)

విమానాలవాళ్లు ఇంతకు ముందే ఇలాంటిది చూశారు. అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే బోర్డు 1978 నుంచి 1990 దాకా జరిగిన 37 పెద్ద ప్రమాదాలను పరిశీలించి 1994లో నివేదిక ఇచ్చింది. వివరాలు దొరికిన ప్రమాదాల్లో 73 శాతం, కెప్టెనూ కో పైలటూ కలిసి ఎగిరిన మొదటి రోజునే జరిగాయి.

ఇలాంటి లెక్కలను చూసేటప్పుడు ఒక అనుమానం దగ్గర పెట్టుకోవాలి. కలిసి ఉన్నందువల్ల జట్టు బాగుందా, బాగున్నందువల్ల కలిసి ఉందా? పని బాగా చేసే జట్టును ఏ సూపరింటెండెంటూ విడగొట్టడు. నచ్చనివాళ్లు వాళ్లంతట వాళ్లే బదిలీ పెట్టుకుంటారు. పెన్సిల్వేనియా అధ్యయనానికి అంత పేరు రావడానికి కారణం ఇదే. అందులో అదే సర్జను రెండు చోట్ల ఉన్నాడు కాబట్టి మనిషి గొప్పదనాన్ని పక్కన పెట్టి మిగతాది చూడగలిగారు. అయినా రెండు ఆసుపత్రుల పరికరాలూ పద్ధతులూ ఒకటి కావు, కాబట్టి తేడా మొత్తాన్నీ జట్టు ఖాతాలో వెయ్యలేం.

"కొంచెం" అంటే ఎంత?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఏరియా ఆసుపత్రి, తెల్లవారుజాము. కాన్పయింది, బిడ్డ ఏడ్చింది, అంతా బాగుంది. కాని రక్తం ఆగడం లేదు. మామూలు కాన్పులో అరలీటరు దాటితే ప్రమాదం కింద లెక్క.

మొదటి జట్టులో సిస్టరు, "మేడమ్, ఇది నాకు నచ్చట్లేదు" అంటుంది. డాక్టరమ్మకు ఈ సిస్టరు మూడేళ్లుగా తెలుసు. ఊరికే కంగారుపడే మనిషి కాదు. ఆ ఒక్క మాటతో గ్లోవ్స్ వేసుకుంటూనే వచ్చేస్తుంది. ఆయా అప్పటికే గర్భసంచి బిగిసే ఇంజెక్షన్ల ట్రే తెచ్చి పక్కన పెట్టింది. ఎవరూ చెప్పలేదు, ఈ సిస్టరు గొంతు అలా మారితే ఏం కావాలో ఆమెకు తెలుసు.

రెండో జట్టులో సిస్టరు వచ్చి వారం. "బ్లీడింగ్ కొంచెం ఎక్కువగా ఉందండీ" అంటుంది. ఈ అమ్మాయి కొంచెం అంటే ఎంతో డాక్టరమ్మకు తెలియదు. కొందరికి రెండు గుడ్డలు తడిస్తే కొంచెం, కొందరికి బకెట్ నిండినా కొంచెమే. "ఆఁ, వస్తున్నా" అంటుంది. సిస్టరు మళ్లీ చెప్పడానికి మొహమాటపడుతుంది. అయిదు నిమిషాలు పోతాయి. ఇద్దరిలో ఎవరికీ పని రాక కాదు. ఇద్దరూ మంచివాళ్లే. పోయిన అయిదు నిమిషాలు ఒక్క మాట కొలత తెలియనందువల్ల పోయాయి.

ఆ కొలతను పరిచయం లేకుండా తెచ్చుకోవచ్చా? కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రులతో చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి, పడిన రక్తాన్ని అక్కడికక్కడే కొలిచారు. గీత దాటగానే చెయ్యాల్సిన వైద్యాలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా కట్టగా ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట తెరిచి ఆపరేషన్ చెయ్యాల్సి రావడం, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఆ పరీక్ష జట్టు పరిచయం గురించి చేసింది కాదు. కానీ ఆ సంచి చేసే పని చూడండి. "కొంచెం" అనే మాటను అంకె చేసేస్తుంది. నిన్ననే చేరిన సిస్టరు నోట కూడా "అయిదొందలు దాటింది" అన్న మాటకు పూర్తి తూకం ఉంటుంది.

నోరు పెగలని పరిచయం

2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల ఆవిడ సైనస్ ఆపరేషన్ కోసం చేరింది. మత్తు ఇచ్చాక ఊపిరి గొట్టం వెయ్యడానికి దారి దొరకలేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లు ముగ్గురు చేరి గొట్టం వెయ్యడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. గొంతు దగ్గర కోసి గాలి అందించే సామాను ఒక నర్సు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ అందుకోలేదు. ఇంకో నర్సు ఐసీయూలో మంచం సిద్ధం చేయించింది. అతిగా కంగారుపడుతున్నట్టు అందరూ చూసేసరికి, మంచం వద్దని చెప్పేసింది. ఎలేన్ 13 రోజుల తర్వాత చనిపోయింది. ఆమె భర్త పైలట్. విచారణలో ఆయన్ను కదిలించిన సంగతి, చెయ్యాల్సింది ఆ గదిలో కొందరికి తెలిసే ఉండటం.

కాబట్టి ఒకే చోట పనిచెయ్యడం వేరు, పైవాళ్లకు ఎదురు చెప్పగలగడం వేరు. మన ఆసుపత్రుల్లో పదేళ్లు కలిసి పనిచేసినా డాక్టరుగారి ఎదుట కుర్చీలో కూర్చోని సిస్టర్లున్నారు. సిస్టరు ఎదుట నోరెత్తని ఎమ్మెన్వోలున్నారు. పేషెంటు మొహం మారడం ముందు చూసేది చాలాసార్లు మంచం తోసుకెళ్లే ఆ ఎమ్మెన్వోనే. ఆయనను ఎవరూ అడగరు.

ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో రెండు అమెరికా ఆసుపత్రుల్లోని ఎనిమిది నర్సింగ్ విభాగాలను పరిశీలించింది. మంచి జట్లలో మందుల పొరపాట్లు తక్కువుంటాయని ఆమె అంచనా. లెక్క తీస్తే మంచి జట్లలోనే ఎక్కువ పొరపాట్లు కనబడ్డాయి. తవ్వి చూస్తే, వాళ్లు దాచకుండా చెప్పుకుంటున్నారు, మిగతావాళ్లు మింగేస్తున్నారు. ఆసుపత్రుల మార్కులూ ర్యాంకులూ పేపర్లో చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. సున్నా పొరపాట్లు అని రాసిన ఆసుపత్రి నిజంగా అంత బాగుందా, లేక అక్కడ ఎవరూ నోరు తెరవరా?

మరీ ఎక్కువైతే

పరిచయం ముదిరితే దానికీ జబ్బు చేస్తుంది. రక్తం ఎక్కించే ముందు ఇద్దరు విడివిడిగా చదవాలి: బ్యాగు నంబరు, గ్రూపు, పేషెంటు పేరు, కేసు షీటు నంబరు. ఒకరి కన్ను తప్పితే రెండో కన్ను పట్టుకోవాలనే ఇద్దరిని పెట్టారు. ఇద్దరూ ఆరేళ్ల జోడీ అయితే? "నువ్వు చూశావు కదా?" "ఆఁ, చూశాను." రెండో సంతకం పడిపోతుంది. కాగితం మీద నాలుగు కళ్లు, బ్యాగును చూసినవి రెండే. కొత్త సిస్టరైతే భయంతోనైనా మొత్తం చదువుతుంది.

అలాగే ఆపరేషన్లో రక్తం అద్దే మాప్ గుడ్డల లెక్క, మత్తు యంత్రం పొద్దుటి తనిఖీ. ఒకరోజు వదిలేశారు, ఏమీ కాలేదు. రెండోరోజూ ఏమీ కాలేదు. ఆర్నెల్లకు వదిలెయ్యడమే పద్ధతైపోతుంది. లోపలివాళ్లెవరికీ అది తప్పుగా కనబడదు. "ఇదేంటండీ, ఇక్కడ లెక్కపెట్టరా?" అని అడిగేది బయటినుంచి వచ్చిన మనిషే. ఆ మనిషికి దక్కే జవాబు కూడా మనకు తెలిసిందే: "ఇక్కడ ఇంతేనమ్మా, నెమ్మదిగా అలవాటవుతాది."

పైగా మన చిన్న ఊళ్లలో స్టాఫ్ రూమ్‌లో వదినలు, మామయ్యలు, ఒకే వీధివాళ్లు ఉంటారు. ఒకరి తప్పు మీద ఇంకొకరు రిపోర్టు రాయడం రేపటి పెళ్లి భోజనాల దాకా పోయే వ్యవహారం.

బదిలీ వాదనలు

ఒకే చోట అయిదేళ్లు నిండినవాళ్లను కదిలించాలనే నియమం ఇటీవలి సాధారణ బదిలీల్లో ఉంది. దాన్ని సమర్థించేవాళ్లు పాతుకుపోయినవాళ్ల లంచాల గురించే మాట్లాడతారు గానీ, నాకు అంతకన్నా బలంగా కనబడేది న్యాయం గురించిన వాదన. సీతంపేట కొండల్లో ఒకామె ఏళ్లకేళ్లు ఉండిపోవాలి, ఇంకొకామె విజయనగరం పట్టణంలోనే రిటైరవ్వాలి అంటే ఎవరు ఒప్పుకుంటారు? అవతలి పక్షంవాళ్లు, ముఖ్యంగా ఆసుపత్రులు నడిపేవాళ్లు, థియేటరూ లేబర్ రూమూ ఆఫీసు సెక్షన్లలాంటివి కావనీ, అక్కడ మనిషితో పాటు పని కూడా వెళ్లిపోతుందనీ అంటారు. జతల లెక్క చూస్తే ఈ రెండు వాదనలు కనబడినంత దూరంగా లేవు. గొడవ బదిలీ గురించి కన్నా ఒకే యూనిట్ నుంచి ఒకేసారి ఎందరన్నదాని గురించే.

బదిలీలు లేకపోయినా కదలిక తప్పదు. శ్రీకాకుళంలో 2008 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. హౌస్ సర్జన్లు ఏడాది పొడుగునా విభాగాలు మారుతూనే ఉంటారు, పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలి. విజయనగరం జిల్లా ఆసుపత్రి 2023లో మెడికల్ కాలేజీ రావడంతో సర్వజన ఆసుపత్రి అయింది. అదే ఏడాది డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. ఏ కొత్త ఆసుపత్రికైనా మొదటిరోజు యంత్రాలతో పాటు మనుషులూ ఒకరికొకరు కొత్తే.

పేరు చెప్పుకోవడం అనే చిన్న పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. కత్తి పెట్టేముందు ఆగి చెయ్యాల్సిన పనుల్లో మొదటిది, గదిలో ఉన్నవాళ్లంతా తమ పేరూ తాము చేసే పనీ పైకి చెప్పడం. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, ఇతర చిక్కులు 11 నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. ప్రపంచమంతా ఎగబడింది. 2014లో కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల లెక్క తీస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు.

చెక్‌లిస్టు పనికిరాదని కొందరు తేల్చేశారు. పైనుంచి హుకుం జారీ చేసి టిక్కులు పెట్టించారే గాని ఆగి మాట్లాడుకోలేదని మరికొందరు అన్నారు. అక్కడి ఆసుపత్రులు అప్పటికే మెరుగ్గా ఉన్నాయి, ఇంకా తగ్గడానికేముందన్నది మూడో జవాబు. నాకు రెండోది సబబుగా తోస్తుంది. కేసు షీటు వెనక ఒకేసారి, ఒకే పెన్నుతో, ఒకే వాలులో పెట్టిన పంతొమ్మిది టిక్కులు చూసినవాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు చేసే పనిని మనవాళ్లు "ఓవర్ ఇవ్వడం" అంటారు. దీన్ని ఒక వరసలో పెట్టి (జబ్బు ఎంత తీవ్రం, ఏం జరిగింది, ఏం చెయ్యాలి, ఏం జరగొచ్చు, విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పడం) అమెరికా, కెనడాల్లో తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జూనియర్ డాక్టర్ల చేత అభ్యాసం చేయించారు. వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది. తిరిగి అప్పజెప్పడమన్నది చూడటానికి చాదస్తం. కొత్త మనిషి "కొంచెం" తూకం తెలిసేది మాత్రం అక్కడే.

జట్టులో ఎవరూ లెక్కపెట్టని మనిషి

ఇంతవరకూ సిబ్బంది మధ్య పరిచయం గురించే మాట్లాడాం. పేషెంటుతో సిబ్బందికుండే పరిచయం వేరే సంగతి, కానీ కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో ఈ రెంటినీ విడదీయడం కష్టం. డయాలసిస్ అంటే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఏడాదికి 156 సార్లు. ఏ సర్జనూ ఏ సిస్టరుతోనూ అన్ని పూటలు గడపడేమో. ఎంత నీరు తీస్తే ఈయన తట్టుకుంటాడు, ఏ గంటలో బీపీ పడుతుంది, చేతిలో ఏ చోట సూది దిగుతుందన్నది టెక్నీషియన్ చేతికి తెలిసిపోతుంది.

అలాంటి ఒక సెంటర్లో తెలిసినాయన పక్కన కూర్చున్నాను. టెక్నీషియన్ కుర్రాడు కొత్త. చెయ్యి తడిమి, దూది రాసి, సూది పట్టుకున్నాడు. కళ్లు మూసుకుని పడుకున్న పెద్దాయన కళ్లు తెరవకుండానే అన్నాడు: "అక్కడొద్దు బాబూ, ఉబ్బిపోతాది. రెండు వేళ్లు పైకెళ్లు. మూడో గంటకి నాకు కళ్లు తిరుగుతాయి, అప్పుడు నీళ్లు తీసేది తగ్గించు, కాళ్లు ఎత్తిపెట్టు. పాతబ్బాయికి తెలుసు."

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. రెండు వేళ్లు పైకి జరిగి సూది దించాడు. తర్వాత తెల్ల ప్లాస్టరు ముక్క ఒకటి చింపి, దాని మీద "3వ గంట – కాళ్లు" అని రాసి, యంత్రం అంచుకు అతికించాడు.